గళ్ల నోటుబుక్కులో చిటికి

పిల్లలకు తెల్ల కాగితం ఇచ్చి "మీ ఇష్టం, ఏదన్నా గియ్యండి" అంటే సగం మంది పక్కనోళ్ల కాగితం దిక్కు చూస్తరు. అట్ల కాదని బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తే, తరగతి మొత్తానికి ఒకటే బొమ్మ వస్తది: రెండు గుట్టలు, నడుమ సూర్యుడు, పెంకుటిల్లు, పక్కన కొబ్బరి చెట్టు. మా ఊరి చుట్టూ ఉన్నవి తాటిచెట్లు, ఈత చెట్లు, వేపలు. ఇండ్లన్నీ డాబాలు. పిల్లలు కళ్లతో చూసేది ఒకటి, చేతితో గీసేది ఇంకొకటి. ప్రైమరీ బడిలో ఆర్ట్ పీరియడ్ అంటే ఈ రెండింటినీ కలపడమే అని నేను నమ్ముతాను. అందుకని నేను బొమ్మ ఇవ్వను. ఒక పద్ధతి చూపిస్తా, సామాను ఇస్తా. బొమ్మ మాత్రం వాళ్లదే.

పద్ధతి కోసం మాకు దూరం పోయే పని లేదు. మా బడి పాత నల్లగొండ జిల్లాలో, సంస్థాన్ నారాయణపురం దిక్కు. నేతకు పేరున్న పుట్టపాక పక్కనే. మా పిల్లల్లో కొందరి ఇండ్లల్లో మగ్గం ఉన్నది, కొందరికి మేనత్త ఇంట్లో ఉన్నది. ఆసు పోయడం, అంటే నేసే ముందు నూలు పోగును మేకుల చుట్టూ తిప్పడం, వాళ్లు అన్నం తినుకుంటనే చూస్తరు. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ చేతుల నొప్పి చూసి ఆసు యంత్రం తయారు చేసిన సంగతి, 2017లో పద్మశ్రీ అందుకున్న సంగతి నాలుగో తరగతి పిల్లలే నాకు చెప్తరు.

చిటికి పనిలో, అంటే ఇక్కత్ నేతలో, బట్ట నేసినంక రంగు అద్దరు. నూలుకే ముందు రంగు ఎక్కిస్తరు. గళ్ల కాగితం మీద డిజైను గీసుకొని, ఏ గడి దగ్గర రంగు అంటొద్దో ఆ చోట నూలును సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి కడతరు. రంగులో ముంచి, ఆరినంక విప్పితే కట్టిన మేర తెల్లగా ఉంటది. మళ్లీ ఇంకో చోట కట్టి ఇంకో రంగులో ముంచుతరు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతయి కాబట్టి పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు కనిపిస్తది.

దీన్నే మేము కాగితంతో చేస్తం. లెక్కల గళ్ల నోటుబుక్కు నుంచి ఒక కాగితం. అందులో గడులు నింపుకుంట ఏదన్నా ఒక బొమ్మ, రంగు చిక్కగా వెయ్యాలె. దాన్ని నిలువుగా వేలు వెడల్పు పట్టీలుగా కత్తిరించాలె. ఆ పట్టీలను అదే వరసలో పెట్టి, ఒక్కోదాన్ని ఒక గడి పైకో కిందికో జరిపి, పై కొసలు అట్టకు అంటించాలె. ఇది పడుగు, మగ్గం మీది నిలువు పోగుల లెక్క. పాత శుభలేఖల అట్ట సన్నగా కత్తిరిస్తే పేక, అంటే అడ్డం పోగు, అవుతది. ఒక పట్టీ మీంచి, ఒకదాని కిందినుంచి అల్లుకుంట పోవాలె. శుభలేఖ అట్ట గట్టిగా ఉంటది, చిన్న చేతుల్లో వంగిపోదు. పాత క్యాలెండరు కాగితం పేకకు అంత బాగుండదు.

ఒక పాప అల్లడం అయినంక ఏడుపు మొహం పెట్టింది. "టీచర్, నా నెమలి పగిలిపోయింది." ఆ రోజు ఆసు చూపియ్యడానికి పక్క వీధి తాత బడికి వచ్చి ఉన్నడు. భుజం మీది రుమాలు తీసి దాని అంచు పాప ముందర పరిచిండు. "ఇగో చూడు బిడ్డా, నాది గూడ గట్లనే ఉంటది. అంచు గీత గీసినట్టు ఉంటే అది అచ్చు గుద్దింది అంటరు." ఆ తర్వాత ఆ పాప కావాలనే పట్టీలు ఇంకా ఎక్కువ జరిపి రెండో నెమలి చేసింది. నేను నా అంతట నేను ఎంత చెప్పినా ఆ ఒక్క మాటంత పని చేసేది కాదు. అందుకే ఊళ్లో చేతిపని తెలిసిన పెద్దలను బడికి పిలవండని తోటి టీచర్లను బతిమాలుకుంటున్న.

ఐదో తరగతికి ఇంకో షరతు పెడతా. తేలియా రుమాలు లెక్క ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును నానబెట్టి చేసే ఈ పుట్టపాక పనికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెనకటి రుమాళ్ల మీద ఏనుగులు, సింహాలే కాదు, గడియారాలు, విమానాలు కూడా ఉన్నయి. ఆ కాలంలో కొత్తగా కనిపించిన వస్తువును నేతగాళ్లు నూలులోకి తెచ్చుకున్నరు. ఈ మాట చెప్పంగనే పిల్లలకు తాళం తీసినట్టయింది. ట్రాక్టరు వచ్చింది, బోరు బండి వచ్చింది, వాటర్ ట్యాంకు వచ్చింది. ఒకడు కల్లు కుండలతో తాటిచెట్టు వేసిండు, గడి గడి లెక్కపెట్టి రెండు దిక్కులా సమానంగా. లెక్కలు కూడా వస్తయి కదా అని కొందరు మెచ్చుకుంటరు. వస్తయి, సంతోషమే. కానీ లెక్కలు రాకపోయినా ఈ పని చెయ్యాల్సిందే. ఆ తాటిచెట్టు ఒక్కటి చాలు.

ఒకటి, రెండు తరగతులకు కత్తెర వద్దు. బెండకాయ కోసి అచ్చులు, చెరువు మట్టితో బొమ్మలు, రాలిన ఆకుల అద్దకం సరిపోతయి.

రంగు పని వాళ్లకు చాలా ఇష్టం. బతుకమ్మకు గునుగు పువ్వు కొసలను రంగుల్లో ముంచడం ఇంట్లో చేసే ఉంటరు కాబట్టి భయం ఉండదు. తెల్ల నూలు చిన్న చిలపకు (చుట్టిన నూలు కట్టకు) ట్యూబు రబ్బరు కట్టి పసుపు నీళ్లల్ల ముంచిస్తా. విప్పినంక కొంత మేర బట్టల సబ్బు నీళ్లు తాకిస్తే అక్కడ పసుపు ఎర్రబడుతది. చింతపండు పులుసు చుక్క పడితే మళ్లీ పసుపే. సున్నంతో ఇంకా బాగా ఎర్రబడుతది, కానీ కండ్లల్ల పడితే ప్రమాదం, పిల్లల చేతికి ఇవ్వను. పసుపు రంగు ఎండకు వెలిసిపోతది, అందుకని చిలపలను కిటికీ పక్కన వేలాడదీయొద్దు.

పిల్లలు బొమ్మ తెస్తే "బాగుంది" అని పక్కన పెట్టను. "ఇదేంది, చెప్పు" అని అడుగుతా. చెప్పిన మాటను వాళ్ల మాటల్లోనే కాగితం వెనక రాయిస్తా. వాళ్ల గీతను మాత్రం దిద్దను.

హోళీ ముందర గుట్టల మీద మోదుగులు పూస్తయి. రాలిన పూలు ఏరి ఎండబెట్టి ఉంచుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. నీళ్లల్ల మరిగించి వడకడితే పసుపు, నారింజ కలిసిన రంగు దిగుతది. మరిగించే పని పెద్దవాళ్లది, ఏరే పని పిల్లలది. కొమ్మలు విరవొద్దని ముందే చెప్పి తీసుకపోవాలె.