నాగసాకిలో అన్నీ తియ్యగానే ఉంటాయి

నాగసాకి చేరిన మర్నాటికే నాకు చిరాకు మొదలైంది. పొద్దున్న హోటల్లో పెట్టిన గుడ్డట్టు తియ్యగా ఉంది, మధ్యాహ్నం పచ్చి చేప ముక్కలకి నంచుకోమని ఇచ్చిన సోయా సాస్ తియ్యగా ఉంది, సాయంత్రం చైనాటౌన్‌లో నిలబడి తిన్న పంది మాంసం బన్ను సరేసరి. మేం ఉండేది ఇదే క్యుషు దీవిలోని ఫుకుఓకాలో కాబట్టి ఇక్కడి సోయా సాస్ తియ్యగా ఉంటుందని తెలుసు, దానికి అలవాటు కూడా పడ్డాం, కానీ ఇది దాన్ని తలదన్నే రకం. పులుసులో బెల్లం ముక్క కాస్త పెద్దది పడితేనే "ఏంటి, పాయసం చేశావా" అని అడిగే ఇల్లు మాది. ఇక్కడ ఊరు ఊరంతా అలాగే వండుకుంటోంది, పైగా గర్వంగా.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2022 సెప్టెంబర్లో నాగసాకికి షింకన్సెన్ (బుల్లెట్ రైలు) వచ్చింది అంటారు గానీ ఫుకుఓకాలోని హకాతా స్టేషన్లో ఎక్కేది మామూలు ఎక్స్‌ప్రెస్సే. తకెవో ఒన్సెన్‌లో దిగి, అదే ప్లాట్‌ఫామ్ మీద ఎదురుగా నిలబడి ఉన్న బుల్లెట్ రైల్లోకి మారాలి. అక్కడి నుంచి అరగంటే, అదీ ఎక్కువగా సొరంగాల్లో, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకోవడం దండగ. మేం వెళ్లినప్పుడు మనిషికి ఒకవైపుకే దాదాపు ఆరు వేల యెన్‌లు అయింది. హైవే బస్సు అందులో సగానికే వస్తుంది, తొందర లేకపోతే అదే ఎక్కండి. శాంతి పార్కుకీ అణుబాంబు మ్యూజియానికీ కూడా వెళ్లాం, ఆ సంగతులు తిండి కబుర్ల మధ్యలో రాయబుద్ధి కాలేదు.

అసలు చెప్పాల్సింది సర ఉదోన్ అనే ఇక్కడి నూడుల్స్ వంటకం గురించి. షియాన్‌బాషిలో ట్రామ్ దిగి, బార్ల మధ్య సందులోకి తిరిగితే ఒక చిన్న హోటల్ కనిపించింది. లోపల కౌంటర్, వెనక గోడకి చేత్తో రాసిన మెనూ, మూలన టీవీలో బేస్‌బాల్. మా ఆయనకి జపనీస్ చదవడం వచ్చు కాబట్టి ఆర్డర్ గోల ఆయనదే. వచ్చిన ప్లేటు చూస్తే ఇద్దరికి కాదు, నలుగురికి సరిపోయేలా ఉంది. సన్నటి నూడుల్స్‌ని కరకరలాడేలా వేయించి గూడులా పోశారు, దాని మీద క్యాబేజీ, మొలకలు, స్క్విడ్, రొయ్యలు, పంది మాంసం, గులాబీ రంగు అంచున్న చేప కేకు ముక్కలు వేసి చిక్కటి గ్రేవీ. పొగలు కక్కుతున్న ఆ గ్రేవీ కింద నూడుల్స్ మెత్తబడుతూ చిటపటమంటున్నాయి, చెవి దగ్గర పెడితే వినిపించేంత. నోరూరిపోయింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. తీపి!

నా మొహం ఎలా మారిందో నాకు తెలీదు గానీ, పక్క స్టూల్ మీద బీరు తాగుతున్న పెద్దాయన చూశాడు. చూసి, ఏం మాట్లాడకుండా ఉప్పు, మిరియాల డబ్బాల వెనకాల ఉన్న ఒక సీసాని మా వైపు తోశాడు. నల్లటి పల్చటి సాస్. మా ఆయన మర్యాదకి రెండు చుక్కలు వేసుకున్నారు. పెద్దాయనకి అది నచ్చలేదు. సీసా తీసుకుని "అలా కాదండీ, ఇలా" అంటూ గాల్లోనే ప్లేటు మీద చుట్టూ తిప్పి చూపించాడు. మా ఆయన అలాగే పోశారు. నేను మళ్లీ తిన్నాను. ఆ సాస్‌లో పులుపుంది, ఘాటుంది, వూస్టర్ సాస్‌కి దగ్గర చుట్టం. ఆ పులుపు తగిలేసరికి గ్రేవీలో తీపి సర్దుకుని కూర్చుంది. క్యాబేజీ రుచి తెలిసింది, స్క్విడ్ రుచి తెలిసింది, అడుగున ఇంకా కరకరలాడుతున్న నూడుల్స్ దగ్గరికి వచ్చేసరికి మేమిద్దరం మాటలు మానేశాం. ముందు సగం ఉత్తది తిని తర్వాత సాస్ పోసుకోవాలని ఆయన రూలు, ఆయన భార్యేమో మొదట్నుంచీ పోసేసుకుంటుందట, నలభై ఏళ్లుగా దాని మీద గొడవ పడుతున్నామని చెప్పాడు. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే పెద్ద పళ్లెంలో సర ఉదోన్ తెప్పించేవాళ్లట, దాంతో పాటు సాస్ పాత టానిక్ సీసాల్లో పోసి పంపేవాళ్లట. బయటి ఊళ్లలో దీని మీద వెనిగర్ వేసుకుంటారని మా ఆయన అంటే, ఆయన బీరు గ్లాసు కింద పెట్టి, టోక్యో వాళ్ల గురించి ఏదో అన్నాడు. మా ఆయన దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు.

మరి ఇంత చక్కెర ఎందుకు అని అడిగితే, పెద్దాయన దెజిమా వైపు చెయ్యి చూపించాడు. అది మాకు కొంత తెలిసిన కథే. 1636లో పోర్చుగీసు వాళ్ల కోసం సముద్రంలో విసనకర్ర ఆకారంలో కట్టిన దీవి, 1641 నుంచి రెండు వందల ఏళ్లకి పైగా డచ్చి వాళ్లు అందులోనే ఉన్నారు. జపాన్ మొత్తానికి చైనా, డచ్చి వ్యాపారపు ఓడలు ఆగే రేవు ఇదొక్కటే. చక్కెర ఆ ఓడల్లో బస్తాలకి బస్తాలు దిగేది. మిగతా దేశంలో చక్కెర మందులా దాచుకునే రోజుల్లో ఇక్కడ వంటింట్లోకి వచ్చేసింది. ఇంటికొచ్చిన వాడికి తీపి తగ్గితే పిసినారితనం కింద లెక్క.

మర్నాడు దెజిమా చూశాం, అప్పుడు టికెట్ 520 యెన్‌లు. ఇప్పుడు చుట్టూ నేల పూడ్చేశారు, సముద్రం ఎక్కడో దూరంగా ఉంది, పక్కనే ట్రామ్ వెళ్తుంది. నేను బందరు పిల్లని. ఈ డచ్చి కంపెనీయే 1605లో మా ఊళ్లో దిగింది, మా ఊళ్లో డచ్చి సమాధుల దగ్గర చిన్నప్పుడు ఆడుకున్నాం. కోరమాండల్ తీరంలో అద్దిన బట్టలు ఆ కంపెనీ ఓడల్లో ఇక్కడిదాకా వచ్చేవి. మా వైపు నుంచి బట్టలు తెచ్చి వీళ్లకి అమ్మారు, బాగానే ఉంది. ఇటు నుంచి వెళ్లేటప్పుడు ఈ సాస్ సీసా ఒకటి మాకు తెచ్చి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది? (ఆ సాస్ అప్పటికి పుట్టలేదనుకోండి.)

ఇంక మిగతావి గబగబా చెప్పేస్తాను. చాంపోన్ అనే పులుసు నూడుల్స్ కోసం అయితే ఓఉరా చర్చి కింద ఉన్న షికైరో. 1899లో చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చిన చెన్ పింగ్‌షున్ పెట్టిన హోటల్ అది, చాంపోన్ పుట్టింది అక్కడేనంటారు. డబ్బుల్లేని చైనా విద్యార్థులకి కడుపు నిండాలని, దొరికిన కూరలూ చేపలూ అన్నీ వేసి చేశాడట. పంది ఎముకలు, కోడి ఎముకల పులుసులోనే నూడుల్స్ ఉడికిస్తారు, అందుకే నూడుల్‌కి లోపలి దాకా రుచి పడుతుంది. పైనుంచి రేవు కనిపిస్తుంది, రెండో అంతస్తులో చాంపోన్ మ్యూజియం ఉచితం. పంది మాంసం తినని వాళ్లు మాత్రం ఈ ఊళ్లో ముందే అడిగి తినండి, కూరగాయలదని చెప్పిన దాంట్లో కూడా పులుసు అదే ఉంటుంది.

యొస్సోలో చవన్‌ముషి నాకు అన్నిటికన్నా నచ్చింది. 1866 నాటి కొట్టు. గుడ్డు కస్టర్డ్ అంటే చిన్న కప్పు అనుకుంటాం, ఇక్కడ పెద్ద గిన్నెడు ఇస్తారు. మూత తీస్తే ఉపరితలం వణుకుతుంది, చెంచా దింపితే అడుగు నుంచి రొయ్యా, సముద్రపు పాము చేపా, వెదురు మొలకా పైకొస్తాయి. దాంతో పాటు ఆవిరి మీద వేడి చేసిన సుషీ అన్నం, దాని మీద పసుపు, గులాబీ, గోధుమ రంగుల్లో మూడు భాగాలు. గులాబీ రంగు చేప పొడి తియ్యగా ఉంటుందని మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

త్సురు చాన్ 1925 నుంచి ఉన్న కాఫీ హోటల్. అక్కడ మిల్క్‌షేక్‌ని చెంచాతో తినాలి, మంచు తురుములా ఉంటుంది, ఎండలో కొండలు ఎక్కి దిగాక ప్రాణం లేచొచ్చింది. తొరుకో రైస్ అని ఒకే ప్లేటులో పిలాఫ్, స్పఘెట్టి, పైన పంది కట్‌లెట్ పెట్టి సాస్ పోస్తారు, ఆకలి దంచేస్తున్నప్పుడే వెళ్లండి, లేకపోతే సగం వదిలేసి బాధపడతారు.

కాస్టెల్లా అనే కేకు కొనకుండా ఎవరూ రానివ్వరు. 1624 నుంచి చేస్తున్న ఫుకుసాయా అసలు కొట్టుకి వెళ్లాం. వెన్న వెయ్యరు, గుడ్లు, చక్కెర, పిండి, పాకం, అంతే. అడుగున కాగితం మెల్లగా ఊడదీస్తే దానికి కొన్ని చక్కెర పలుకులు అంటుకుని వస్తాయి, కేకు అడుగున మిగిలినవి పళ్ల కింద కరకరమంటాయి, నేను కాగితం కూడా నాకేశాను. కానీ ఈ ఊళ్లో పేరున్న ఏ కొట్లో అయినా చిన్న దిమ్మ కూడా వెయ్యి యెన్‌లు దాటుతోంది, స్టేషన్లో అయితే చుట్టాలందరికీ ఒక్కొక్కటి తీసుకునేసరికి పర్సు ఖాళీ.

పెద్దాయన సర ఉదోన్ మీద పోయించిన ఆ సాస్ పేరు కించో. సూపర్‌మార్కెట్‌లో కొన్ని వందల యెన్‌లకే సీసా దొరుకుతుంది. రెండు కొన్నాం. ఒకటి అప్పుడే అయిపోయింది, మా ఆయన దాన్ని ఉప్మా మీద కూడా పోసుకుంటున్నారు.