రెక్క పట్టుకోకు, మోచెయ్యి ఇవ్వు

పోయిన వేసవిలో మా అమ్మ ఇంగ్లండ్ వచ్చిన మూడో రోజే మనవరాలి మీద అలిగింది. సిగ్నల్ దగ్గర పచ్చ బొమ్మ వెలగ్గానే అలవాటుగా పాప రెక్క పట్టుకుని బరబరా లాక్కెళ్లబోయింది. పాప ఉన్నచోటే బిగుసుకుని నిలబడి, "అమ్మమ్మా, నన్ను లాగొద్దు. నీ మోచెయ్యి ఇవ్వు, నేనే పట్టుకుంటా" అంది. "పురిటి స్నానం చేయించినదాన్ని, నాకు పద్ధతులు చెబుతోందే!" అని అమ్మ ఇల్లు చేరేదాకా మూతి ముడుచుకునే ఉంది.

పాప చెప్పింది ఇక్కడ నేర్పిన పద్ధతే. చూపు సరిగా లేని పిల్లలకు సొంతంగా నడవడం, తిరగడం నేర్పడానికి హాబిలిటేషన్ స్పెషలిస్టు అని ఒకావిడ వస్తుంది. ఆవిడ మాకు చెప్పిన మొదటి పాఠం ఇది. చూపున్నవాళ్లు అరడుగు ముందు నడవాలి, చూపు లేనివాళ్లు వాళ్ల మోచేతికి కాస్త పైన పట్టుకోవాలి. ముందున్న మనిషి ఒళ్లు కిందికి దిగితే మెట్టు దిగుతున్నామని, పక్కకు తిరిగితే మలుపు వచ్చిందని పట్టుకున్న చేతికే తెలిసిపోతుంది. రెక్క పట్టుకుని తోసుకుపోతే ఏమీ తెలియదు, మూటలా వెళ్లడమే. నేనూ చాలా ఏళ్లు ఆ మూటనే మోశాను. ప్రేమంటే అదే అనుకున్నాను.

పాపకు పన్నెండేళ్లు. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. రేచీకటితో మొదలైంది. ఒక దీపావళి రాత్రి పెరట్లో సొంత చెల్లెల్నే గుద్దుకుని పడింది. ఇప్పుడు పక్కల చూపు పోయి నడిమి చూపు మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "మీది మేనరికమా?" మేనరికమే. మా ఆయన నాకు మేనమామ కొడుకు. అమ్మలోనూ నాన్నలోనూ బయటపడకుండా దాగి ఉన్న ఒకే లోపం బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరడానికి దగ్గర సంబంధాల్లో అవకాశం ఎక్కువట. ఆ మాట విన్నాక మా అమ్మా, మామయ్యా చాలాకాలం ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోలేదు.

గొట్టం చూపుతో ఒక చిక్కుంది. పాప ఫోన్లో మెసేజ్ చదువుతుంది, కాలి ముందున్న బకెట్ కనబడదు. దాంతో "చక్కగా చదువుతోంది కదా, కర్రెందుకు?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. తెలుగులో కర్ర అంటే ముసలివాళ్లది, లేదా కొట్టడానికి వాడేది. పాప అందుకే తెలుగులో మాట్లాడుతున్నా దారి తడుముకునే తన తెల్ల కర్రను కేన్ అనే అంటుంది. నాకూ సిగ్గుండేది. మూడేళ్ల కిందట ఉగాది సభలో గ్రూపు ఫొటో తీస్తుంటే, కేన్ మడిచి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టేశాను. పట్టు లంగాకి అది బాగోదన్నాను. పాప ఏమీ అనలేదు. స్టేజి దిగేటప్పుడు మాత్రం రెండు మెట్లు ఒకేసారి దిగి పడింది.

వీధుల సంగతి నాకు నేర్పింది పాపే. ఇక్కడ రోడ్డు దాటే చోట్ల నొక్కే బటన్ పెట్టె ఉంటుంది కదా, దాన్ని నేను తొమ్మిదేళ్లు నొక్కాను. ఒకరోజు పాప నా చెయ్యి పట్టుకుని ఆ పెట్టె అడుగుకు పెట్టింది. కింద వేలి కొసంత శంకువు, దాని మీద గరుకు గీతలు. పచ్చ బొమ్మ వెలగ్గానే అది నా వేళ్ల మధ్య గిర్రున తిరిగింది. బొమ్మ ఆరగానే ఆగిపోయింది. చూడలేనివాళ్లకు, చెవులు కూడా వినబడనివాళ్లకు అదే సిగ్నల్. దగ్గరదగ్గరగా రెండు దాటే చోట్లుంటే బీప్ శబ్దం పెట్టరు. పక్క దాని మోత విని మన దారే ఖాళీ అయిందనుకుని రోడ్డెక్కేస్తారని. అలాంటిచోట శంకువే దిక్కు. ఇన్నేళ్లూ నా చేతికింద తిరుగుతూనే ఉందన్నమాట.

కింద నేల కూడా మాట్లాడుతుంది. దాటే చోట పేవ్‌మెంట్‌ను రోడ్డు మట్టానికి వాలుగా దింపుతారు, చక్రాల కుర్చీలకూ పిల్లల బండ్లకూ హాయి. కానీ గట్టు పోయిందంటే చూపులేనివాళ్లకు రోడ్డెక్కడ మొదలైందో తెలియదు. అందుకని అక్కడ బుడిపెల పలకలు పరుస్తారు, 5 మిల్లీమీటర్ల ఎత్తు బుడిపెలు. సిగ్నల్ గానీ జీబ్రా గీతలు గానీ ఉన్నచోట ఎర్రవి, రెండూ లేనిచోట వేరే రంగు. కాస్త చూపు మిగిలినవాళ్లకు రంగు కూడా ఆనవాలే. ఎర్ర పలకల వరుస ఒకటి తోకలా గోడ వైపు సాగుతుంది, దాని మీద అడుగు పడితే దాటే చోటు దొరికినట్టే. ఈ పలకల పుట్టుక జపాన్‌లో. సెయీచి మియాకె అనే ఆయన 1965లో కనిపెట్టాడు, 1967లో ఒకాయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి పరిచారు. అమ్మ అలక తీరాక పలచటి చెప్పులతో వాటి మీద నిలబడి, "పనసకాయ తొక్కినట్టుందే" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అవి పనస పలకలే.

డిసెంబరులో విజయవాడ వెళ్లాం. పాపకు కేన్ ఎందుకూ పనికిరాని మొదటి ఊరది. ఫుట్‌పాత్ ఉన్నచోట అడుగున్నర ఎత్తు, ఒక ఇంటి ముందు ర్యాంపు, పక్క ఇంటి ముందు గుంట, ఆపైన కాలువ మీద ఊడిపోయిన పలక. కొత్తగా వేసిన ఒక రోడ్డు పక్కన పసుపు పచ్చ గీతల పలకలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పాప వాటి మీదే నడిచి నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు గుద్దుకుంది. మళ్లీ అదే వీధిలో టిఫిను బండి ఆవిడ "అమ్మా, కుడిపక్కకి జరుగు, నీళ్లున్నాయి" అని అడక్కుండానే కేకేసింది. ఇంగ్లండ్‌లో అలా ఎవరూ పిలవరు. ఆ పిలుపు బాగుంటుంది, కాదనను. కానీ ఆవిడ బండి మూసిన రోజు ఆ నీళ్లు ఎవరు చెబుతారు?

మా తమ్ముడు లాయరు. చట్టం లేక కాదక్కా అన్నాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పిచ్చింది. మార్గదర్శకాలు "పాటిస్తే మంచిది" అన్నట్టుంటే చాలదు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండి అని. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక రాసింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం వాళ్లేనట. పాప అంతా విని, "మామయ్యా, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి తీర్పు వినబడలేదా?" అంది.

ఇంగ్లండ్ స్వర్గమేమీ కాదు. చెత్త తీసుకెళ్లే రోజు బిన్లన్నీ పేవ్‌మెంట్ మీదే. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి సగం పేవ్‌మెంట్ ఎక్కించి నిలిపిన కార్లు. లండన్‌లో అది 1974 నుంచీ నిషేధం, స్కాట్లాండ్‌లో 2023 డిసెంబరు నుంచి జరిమానా వేసే అధికారం కౌన్సిళ్లకు వచ్చింది. మా ఊళ్లో ఆ నిషేధం లేదు. బాధితుల్లా నేనూ నలుగురికీ చెప్పుకుని తిట్టుకునేదాన్ని, కార్తీక మాసంలో మా ఇంట సత్యనారాయణ వ్రతం దాకా.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగయ్యేసరికి చీకటి పడుతోంది. కథ మూడో అధ్యాయంలో ఉన్నాం. పాప బడి నుంచి ఒక్కతే రావడం మొదలుపెట్టి నెలయింది, నాలుగు వీధులు. రావలసిన టైము దాటిపోయింది. నేను పీట మీద నుంచి లేచి తలుపు తీసేసరికి పాప రోడ్డు మధ్యలో, కేన్ ఆడిస్తూ మెల్లగా వస్తోంది. వెనక ఒక వ్యాను హారన్ కొట్టకుండా ఆగి ఉంది. పేవ్‌మెంట్ మీద మా గుమ్మం నుంచి వీధి మలుపు దాకా వరసగా తొమ్మిది కార్లు, అన్నీ మా చుట్టాలవీ స్నేహితులవీ. కేన్ మొదటి కారు అద్దానికి తగిలిందట, రెండోదాని పక్కన సందు లేదట, ఇంక రోడ్డు దిగేసిందట. "ఎవరింట్లోనో ఫంక్షన్ అనుకున్నా మమ్మీ" అంది. కొబ్బరి ముక్కలు పంచుతూ ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను.

ఈసారి వ్రతానికి మా ఆయన వాట్సాప్ పిలుపులో ముహూర్తం కింద ఒక వాక్యం చేర్చాడు: దయచేసి కార్లు పేవ్‌మెంట్ ఎక్కించవద్దు, వెనక వీధిలో కార్ పార్కు ఉంది. ఒకరిద్దరు నొచ్చుకుని రాలేదు. నేను అన్నయ్యా అని పిలిచే ఒకాయన మాత్రం ఆ కార్ పార్కు నుంచి వానలో, పళ్ల సంచీ ఒక చేత్తో, తడిసిన పంచె ఇంకో చేత్తో పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "స్వామి ప్రసాదానికి ఇంత దూరం నడిపించావు కదమ్మా" అని విసుక్కున్నాడు.