తమ్ముడికి ఈరోజు చెప్పిన సమాధానం

బుధవారం, రాత్రి తొమ్మిదిన్నర.

ఉదయం ఎంవీపీ కాలనీ నుంచి మహారాణిపేటకు బయలుదేరే ముందు, ఏడేళ్లుగా అలవాటైనట్టే, మూడుసార్లు మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాను. బస్సెక్కిన తరువాత కూడా ఏ స్టాపులో దిగితే దగ్గరలో మరుగుదొడ్డి ఉంటుందో లెక్క వేసుకుంటూనే కూర్చున్నాను. ఐబీఎస్, అంటే కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం పదేపదే వేధించే పేగు జబ్బు ఉన్నవారికి ఊరు ఇలాగే గుర్తుంటుంది.

వైద్యుణ్ణి ఒకే ఒక్క మాట అడగాలని వెళ్లాను. పోయిన వారం భోజనాలయ్యాక, అమ్మ వంటింట్లో ఉండగా, తమ్ముడు నా దగ్గరకు వచ్చి, "అక్కా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలాన్ని శుద్ధి చేసి రోగి పేగులోకి ఎక్కిస్తే ఈ జబ్బు తగ్గుతుందట. నాకు కడుపులో ఏ బాధా లేదు కదా, నాది ఇస్తాను" అన్నాడు. ఆ మాట అనడానికి వాడు ఎంత మొహమాటాన్ని దాటుకుని ఉంటాడో తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తున్నాయి.

వైద్యుడు నా ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. యాంటీబయాటిక్స్ వాడకంతో పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించినప్పుడు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా విజృంభిస్తుందని, పదేపదే తిరగబెట్టే ఆ విరేచనాలకు ఈ చికిత్స బాగా పనిచేస్తుందని చెప్పారు. 2013లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో 16 మందిలో 13 మందికి మొదటి విడతతోనే నయమైంది. అక్కడ పోయినదేమిటో తెలుసు, దాన్ని తిరిగి నింపుతున్నారు. ఐబీఎస్‌లో మాత్రం పేగు కదలికలు, నరాల అతిస్పందన, మనసులోని ఒత్తిడి, సూక్ష్మజీవులు అన్నీ కలగలిసి ఉంటాయి. వీటిలో దేన్ని సరిచేస్తే బాధ తీరుతుందో మనిషి మనిషికీ మారుతుంది.

నార్వేలో 83 మందిపై జరిపి 2018లో ప్రచురించిన పరీక్ష గురించి నేను ముందే చదివాను. దాత మలం పొందినవారిలో మూడు నెలలకు 65 శాతం మందికి ఉపశమనం కలిగింది. పోల్చి చూడడానికి మిగిలినవారికి, వారికి తెలియకుండా, వారి మలాన్నే తిరిగి ఎక్కించారు. వారిలోనూ 43 శాతం మందికి బాధ తగ్గింది. తిరుగు ప్రయాణంలో బీచ్ రోడ్డు మీద దిగి, కాసేపు సముద్రం ఎదుట కూర్చుని ఈ రెండో అంకె గురించే ఆలోచించాను. కొత్తగా ఏమీ పొందకుండానే అంతమందికి ఊరట దొరికిందంటే, తమ బాధను ఒకరు నమ్మి, శ్రద్ధగా పట్టించుకోవడం కూడా అందులో పనిచేసి ఉంటుందని నాకు బలంగా అనిపించింది. "ఇదంతా మీ ఊహే" అని ఏళ్ల తరబడి విన్న నాకు ఆ అంకె చిన్నది కాదు.

2020లో నార్వేలోనే ఒకే దాతతో 165 మందిపై చేసిన పరీక్ష మరింత మంచి ఫలితాన్నిచ్చింది. డెన్మార్క్‌లో మింగే గొట్టం మాత్రల (క్యాప్సూళ్ల) రూపంలో ఇచ్చినప్పుడు మాత్రం ఉత్తుత్తి మందు తీసుకున్నవారే ఎక్కువగా కోలుకున్నారు. అందుకే పరిశోధనల్లో భాగంగా తప్ప ఐబీఎస్‌కు దీన్ని వాడవద్దని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2024లో సూచించింది. దాత పైకి ఆరోగ్యంగా కనిపిస్తే చాలదు. మందులకు లొంగని ఈ.కోలై అనే బాక్టీరియా దాత మలం ద్వారా ఇద్దరికి సోకి, వారిలో ఒకరు మరణించారని 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఇంట్లో సొంతంగా చేసుకోవాలన్న ఆలోచనే రానివ్వవద్దని వైద్యుడు గట్టిగా చెప్పారు. ప్రస్తుతానికి ఉల్లి, వెల్లుల్లి, పాలు కొన్ని వారాలు మానేసి, తరువాత ఒక్కొక్కటిగా తిని చూడమని కాగితం మీద రాసిచ్చారు.

సాయంత్రం తమ్ముడికి అంతా వివరించి, "నువ్వు ఇస్తానన్నావు, నాకు అదే పెద్ద ధైర్యం. కానీ ఇప్పుడు వద్దురా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, రేపటి చారు వెల్లుల్లి లేకుండా ఇంగువ పోపుతో పెట్టమని చెప్పడానికి అమ్మ దగ్గరకు వెళ్లాడు.