హైదరాబాద్ ఎండల్లో వెన్నతో ఎగ్ పఫ్: నా అనుభవం

డబ్బు కలిసొస్తుందని ఎగ్ పఫ్ ఇంట్లో మొదలుపెట్టలేదు. ఆ లెక్క చూస్తే బేకరీలో కొనడమే చవక. నాకు కావలసింది వెన్న రుచి. బేకరీల్లో పఫ్‌కి ఎక్కువగా వాడేది మార్జరిన్, అంటే వెన్నకు బదులుగా నూనెలతో తయారుచేసే గట్టి కొవ్వు. అది మన ఎండలకు తొందరగా కరగదు కాబట్టి పని సులువవుతుంది. కానీ నోట్లోనూ సరిగ్గా కరగదు, తిన్నాక అంగిలికి జిడ్డు పట్టుకుని ఉంటుంది. నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం ఉంది. అది మంచి మాటే, కానీ దానితో రుచి మారదుగా.

వెన్నతో చేయడంలో ఇబ్బంది ఒక్కటే. 35 డిగ్రీలకల్లా వెన్న పూర్తిగా కరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం మా వంటిల్లు అంతకంటే వేడిగా ఉంటుంది. పఫ్‌లో ఈస్ట్ ఉండదు, బేకింగ్ పౌడర్ ఉండదు. పిండి పొరకీ పొరకీ మధ్య పల్చటి వెన్న పొర ఉంటుంది, అంతే. ఓవెన్ వేడికి పిండిలోని నీరు, వెన్నలోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతాయి. పొరలు అతుక్కోకుండా చూసేది కొవ్వు. ఒత్తేటప్పుడే వెన్న కరిగి పిండిలో ఇంకిపోతే ఇక పొరలెక్కడివి? అందుకే తెల్లవారుజామున, ఎండ రాకముందే పనిలోకి దిగాను.

పావుకిలో మైదా, 5 గ్రాముల ఉప్పు, 30 గ్రాముల వెన్న, చెంచా నిమ్మరసం, సుమారు 125 మి.లీ. ఐస్ నీళ్లు. నిమ్మరసం వేస్తే పిండి బాగా సాగుతుంది. చపాతీ పిండిలా మర్దించకుండా ముద్దగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. మరో 200 గ్రాముల ఉప్పులేని వెన్నను రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి, చపాతీ కర్రతో కొట్టి చదరపు పలకలా చేశాను. గ్రానైట్ గట్టు మీద ఐస్ ముక్కలున్న స్టీల్ పళ్లెం కాసేపు ఉంచి, తీశాక తడి తుడిచి, అక్కడే ఒత్తాను. ఇది చాలా పనికొచ్చింది.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న పలక రాయిలా ఉంది. అలాగే పిండిలో పెట్టి మూయబోతుంటే, ఏళ్లుగా మడత కాజా చేస్తున్న మా అత్తయ్య వచ్చి రెండింటినీ వేలితో నొక్కి చూశారు. "పిండి మెత్తగా ఉంది, వెన్న గట్టిగా ఉంది. రెండూ ఒకేలా లేకపోతే లోపల ముక్కలైపోతుందమ్మా" అన్నారు. కాజాలో పొరల మధ్య నెయ్యి, బియ్యప్పిండి పూస్తారు, ఇక్కడ వెన్న పలక పెడతాం. పద్ధతులు వేరైనా ఆవిడ మాట నూటికి నూరు పాళ్లు నిజం. వెన్న చల్లగా ఉంటే చాలదు, విరగకుండా వంగాలి కూడా. పలకను కాసేపు బయట పెట్టి, అంచు వంచితే పగలకుండా వంగుతోందని చూసుకున్నాకే మూశాను.

తర్వాత పొడవుగా ఒత్తి, ఉత్తరంలా మూడు మడతలు వేసి, ఫ్రిజ్‌లో అరగంట. బయటికి తీశాక పావు వంతు తిప్పి, మళ్లీ అదే పని. ఇలా మడిచిన ప్రతిసారీ పొరలు మూడింతలవుతాయి. ఆరుసార్లకు వెన్న పొరలు 729. ఒత్తుతుంటే పిండి వెనక్కి లాగేసిందంటే గ్లూటెన్ (మైదాకి సాగే గుణమిచ్చే ప్రోటీన్) ఇంకా బిగిసి ఉందన్నమాట. అప్పుడు బలంతో పని జరగదు, ఇంకాసేపు ఫ్రిజ్‌లో ఉంచాల్సిందే. వెన్న ఎక్కడైనా మెత్తబడి బయటికి కనిపిస్తే కొంచెం పొడి పిండి చల్లి, వెంటనే లోపల పెట్టేశాను. ఈ పఫ్ చేయడంలో సగానికి పైగా సమయం ఫ్రిజ్ ముందు ఎదురుచూడటమే. తొందరున్న రోజున దీని జోలికి వెళ్లకపోవడమే నయం.

ఉల్లిపాయ మసాలాను తడి లేకుండా వేయించి, పూర్తిగా చల్లారనిచ్చాను. కూర వెచ్చగా ఉన్నా అడుగు పొర అక్కడే కరిగిపోతుంది. పిండిని 3, 4 మి.మీ. మందంలో ఒత్తి, పదునైన కత్తితో పైనుంచి నిలువుగా నొక్కి 12 చదరాలు కోశాను. కత్తిని లాగుతూ కోస్తే అంచు పొరలు అతుక్కుంటాయి. గుడ్డు సొన కూడా పైన మాత్రమే రాయాలి, కోసిన అంచుకు తగిలితే అది జిగురులా పట్టేసి పొరల్ని లేవనివ్వదు. ఒక్కోదాంట్లో అర గుడ్డు పెట్టి, మడిచి, ట్రేని మరోసారి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) డయల్ 220 డిగ్రీలు చూపిస్తున్నా లోపల అంత వేడి ఉండకపోవచ్చు, అందుకే లోపల థర్మామీటర్ పెట్టి చూస్తాను. వేడి చాలకపోతే పొరలు లేచేలోపే వెన్న కరిగి ట్రేలోకి కారిపోతుంది. మొదటి 15 నిమిషాలు ఎంత ఆత్రంగా ఉన్నా తలుపు తీయకూడదు. పైన బంగారు రంగు వచ్చాక వేడి 190కి తగ్గించి, అడుగు కూడా ఎర్రబడేదాకా ఉంచాను. పైరంగు చూసి తీసేస్తే లోపల పచ్చిపిండి మిగులుతుంది.

పిల్లలు విరిచినప్పుడు కరకరమని రాలిన పొరలు చూసి, పొద్దున్నుంచి పడ్డ కష్టం గుర్తే రాలేదు. ఇప్పుడు పఫ్ షీట్లు రెండింతలు చేసి, మధ్యలో బటర్ పేపర్లు పెట్టి ఫ్రీజర్‌లో దాస్తున్నాను. కూర పెట్టి మాత్రం దాచను, ఉడికిన గుడ్డు తెల్లసొన ఫ్రీజర్‌లో రబ్బరులా అయిపోతుంది. షీట్లను ముందురోజు రాత్రి కింది అరలోకి దించుకుంటే, పిల్లలు స్కూలు నుంచి వచ్చేసరికి పఫ్‌లు రెడీ.