మోటోక్రాస్ బండికి ఇంట్లోనే వాల్వ్ షిమ్ మార్చుకున్నా – నా అనుభవం

డాలస్‌లో మావాళ్ళు ఎవరు మట్టిలో బండి తోలడం మొదలుపెడదామనుకున్నా ముందు అడిగేది ఇదే, సెకండ్ హ్యాండ్‌లో 250 మోటోక్రాస్ బండ్లు ఇంత చవగ్గా దొరుకుతున్నాయేంటి, కొనేయొచ్చా అని. కొనొచ్చు, కానీ వాల్వ్ గ్యాప్ (ఇంజన్ వాల్వ్‌కీ దాన్ని నొక్కి తెరిచే కామ్‌కీ మధ్య సందు) చూసుకోవడం సొంతంగా నేర్చుకునే ఓపిక ఉంటేనే. నా దగ్గరున్నది 2008 హోండా సీఆర్‌ఎఫ్ 250 ఆర్, కార్బ్యురేటర్ బండి, కిక్ ఒక్కటే, సెల్ఫ్ ఉండదు. దీనికి షిమ్ (ఆ గ్యాప్ సరిచేసే చిన్న లోహపు బిళ్ళ) ఎలా మార్చానో చెప్తా, కొనాలో వద్దో మీరే తేల్చుకోండి.

మేం ఎక్కువగా గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్ అనే ఆఫ్‌రోడ్ పార్క్‌కి వెళ్తుంటాం. ఈస్ట్ టెక్సస్ ఎర్రమట్టి, వానలు లేనప్పుడు ముందు బండి వెనకాలే వెళ్తే పళ్ళ మధ్యలో కూడా మట్టే. ఒక సీజన్ అయ్యేసరికి బండి పొద్దున్నే కిక్‌కి లేవడం మానేసింది, తోసి గేరేస్తే మాత్రం టక్కున అందుకుంటోంది, వేడెక్కాక అసలేం జరగనట్టు పరిగెడుతోంది. మాతో వచ్చే కరీంనగర్ తమ్ముడు ఒకడున్నాడు, "అన్నా, కార్బ్ సాఫ్ చేయ్, అదే ఉంటది" అన్నాడు. కార్బ్ విప్పి జెట్లన్నీ కడిగా, ప్లగ్ కొత్తది వేశా, ఏం తేడా లేదు. అప్పుడిక మిగిలింది వాల్వులే.

ఈ బండిలో ఇన్‌టేక్ వాల్వులు (గాలీ పెట్రోలూ లోపలికి వదిలేవి) టైటానియంవి. ఇంజన్ 13 వేల ఆర్‌పీఎం దాకా తిరగాలి కాబట్టి బరువు తక్కువుండాలని అవి పెట్టారు, పైన ఒక పల్చటి గట్టి కోటింగ్ ఉంటుంది. ఫిల్టర్ దాటి లోపలికెళ్ళిన సన్న దుమ్ము ఆ కోటింగ్‌నీ సీటునీ గీకుతుంది, వాల్వ్ కొంచెం కొంచెంగా సీటులోకి దిగబడుతుంది, దాంతో దాని కాడ పైకి వచ్చి కామ్‌కి మధ్య గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ లీకవుతుంది, ఇంక కిక్ ఎంత కొట్టినా కాలు నొప్పే.

మాన్యువల్ తీస్తే అందులో కిలోమీటర్లు ఉండవు, అంతా రేసులూ గంటలే. ఇంజన్ ఆయిల్ ఆరు రేసులకి లేదా సుమారు 15 గంటలకి, పిస్టన్, రింగులు కూడా అదే లెక్క. అది చూసి చాలామంది భయపడతారు, లేదా మనమేమన్నా రేసులు కొడతామా అని మొత్తం పక్కన పడేస్తారు. నాకైతే రెండూ తప్పే అనిపిస్తుంది. పిస్టన్ సంగతి నిజమే, సగం థ్రాటిల్‌లో ట్రైల్స్‌లో తిరిగేవాడికి చాలా ఎక్కువ గంటలు వస్తుంది. కానీ దుమ్ముకి మనం మెల్లగా తోలుతున్నామో గట్టిగా తోలుతున్నామో సంబంధం లేదు కదా, లైన్‌లో చివర మెల్లగా వచ్చేవాడే ఎక్కువ మట్టి మింగుతాడు, వాడి బండి కూడా అంతే.

షాపులో అడిగితే వాళ్ళు చెప్పిన రేటు, బండికి నేను పెట్టిన డబ్బులో మంచి వాటా. సరే అని సర్వీస్ మాన్యువల్, మైక్రోమీటర్, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఆకుల సెట్), చిన్న టార్క్ రెంచి తెచ్చుకుని గ్యారేజ్‌లోనే మొదలెట్టా. గ్యాప్ కొలిచేటప్పుడు ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉండాలంటారు, టెక్సస్‌లో ఆగస్టు మధ్యాహ్నం గ్యారేజే అంతకంటే వేడిగా ఉంటుంది, అందుకే తెల్లారకముందే కూర్చున్నా. మా ఆవిడ వచ్చి "ఆఫీస్ మీటింగ్‌కి ఒక్కరోజన్నా ఇలా లేచారా" అని కాఫీ పెట్టి వెళ్ళింది.

ముందు బండి శుభ్రంగా కడగాలి, సీటూ ట్యాంకూ తీశాక ప్లగ్ గుంత చుట్టూ గాలి కొట్టాలి, లేకపోతే ప్లగ్ తీయగానే ఆ ఇసక సిలిండర్లోకే పోతుంది. తర్వాత హెడ్ కవర్ తీసి, కుడివైపు కేస్ కవర్ మీదున్న క్రాంక్ మూత విప్పి, క్రాంక్ తిప్పుతూ మార్కులు కలిపి పిస్టన్‌ని కంప్రెషన్ టాప్‌కి తెచ్చుకోవాలి. ఇన్‌టేక్‌కి ఉండాల్సింది 0.12 మిల్లీమీటర్లు, 0.03 అటూఇటూ పర్లేదు. ఎగ్జాస్ట్‌కి (పొగ బయటికి వదిలే వాల్వులకి) 0.28. నాకు ఎగ్జాస్ట్ రెండూ బానే ఉన్నాయి, కుడి ఇన్‌టేక్ 0.10, ఎడమదానికి మాత్రం 0.05 ఆకు కూడా బిగుతుగా దూరింది.

షిమ్ మార్చాలంటే కామ్ లేపాలి. చెయిన్ టెన్షనర్‌ని లాక్ చేసి, చెయిన్ సొరంగంలో గుడ్డ కుక్కి (ఇది మర్చిపోతే ఏదో ఒకటి కిందికి జారి కేస్ విప్పే దాకా తెస్తుంది), హోల్డర్ బోల్టులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా అడ్డదిడ్డంగా వదులు చేసి కామ్‌ని హోల్డర్‌తో సహా ఎత్తి, చెయిన్‌ని తీగతో కట్టేశా. షిమ్ మీద బోర్లించినట్టుండే చిన్న గిన్నెని, అదే బకెట్‌ని, అయస్కాంతంతో పైకి లాగితే షిమ్ ఆయిల్‌కి అంటుకుని దాని లోపలే వచ్చేసింది, చొక్కా గుండీ కంటే చిన్నది. దాని మీద అంకె ఉంటుంది కానీ నమ్మకుండా మైక్రోమీటర్‌తో కొలిస్తే 1.85 వచ్చింది. లెక్క సింపుల్, ఉన్న గ్యాప్‌లోంచి ఉండాల్సిన గ్యాప్ తీసేసి పాత షిమ్‌కి కలపాలి. 0.05 లోంచి 0.12 తీస్తే మైనస్ 0.07, అంటే 1.78 కావాలి, దగ్గర్లో దొరికేది 1.775. కంపెనీ షిమ్‌లు 0.025 తేడాతో దొరుకుతాయి, డీలర్ దగ్గర విడిగా ఒక్కటి కొనుక్కోవచ్చు. బిగించాక క్రాంక్‌ని చేత్తో నాలుగైదు రౌండ్లు తిప్పి మళ్ళీ కొలవాలి, అలా తిప్పేటప్పుడు ఎక్కడన్నా గట్టిగా తగిలితే టైమింగ్ మార్కులు కలవలేదన్నట్టు, బలం పెట్టొద్దు. నాకు 0.12 ఆకు కాస్త పట్టుగా దూరింది, రెండో కిక్‌కి బండి లేచింది.

అప్పట్నుంచి ఫిల్టర్ విషయంలో మాత్రం రాజీ లేదు. ప్రతి రైడ్‌కీ కడిగి ఆరబెట్టిన ఫోమ్ ఫిల్టర్‌ని ఫిల్టర్ ఆయిల్‌లో తడిపి పిండి, అంచుకి గ్రీజు రాసి పెడతా. పెట్రోల్‌తో కడగొద్దు, అతుకులు ఊడిపోతాయి. ఇంజన్ ఆయిల్‌కీ గేర్‌బాక్స్ ఆయిల్‌కీ ఈ బండిలో వేరు వేరు అరలు, ఇంజన్ వైపు ముప్పావు లీటరు కూడా పట్టదు, అంత తక్కువ ఆయిల్ ఎంతసేపు శుభ్రంగా ఉంటుంది చెప్పండి, అందుకే మాన్యువల్ గంటలకంటే ముందే మార్చేస్తా.

ఇదంతా వద్దు, వెళ్ళామా తోలామా వచ్చామా అనుకునేవాళ్ళు సీఆర్‌ఎఫ్ 230 ఎఫ్ లాంటి ఎయిర్ కూల్డ్ ట్రైల్ బండి తీసుకోండి. దానికి స్క్రూ టాపెట్లు (గ్యాప్‌ని స్క్రూ తిప్పి సరిచేయొచ్చు), మన స్ప్లెండర్ లాగానే, కామ్ విప్పే పనే లేదు, సెల్ఫ్ కూడా ఉంటుంది. జంపులు కొట్టడానికి పనికిరాదు, నిజమే, కానీ మనలో జంపులు కొట్టేది ఎంతమంది?

నేనైతే దీన్నే ఉంచుకుంటా, ఆ పికప్ అలవాటయ్యాక వదలబుద్ధి కాదు. కాకపోతే ఎడమ ఇన్‌టేక్ మళ్ళీ బిగుసుకుంటే ఇంకో షిమ్ వేయను. కోటింగ్ పోయిన వాల్వ్‌కి షిమ్ మీద షిమ్ వేసుకుంటూ పోతే ఒకరోజు తల విరిగి సిలిండర్లో పడుతుంది, అప్పుడు హెడ్, పిస్టన్ అన్నీ పోతాయి. ఈసారి సీట్లు కోయించి స్టెయిన్‌లెస్ స్టీల్ వాల్వులు వేయిద్దామని ఉంది, అవి బరువెక్కువ కాబట్టి వాటికి తగ్గ స్ప్రింగులు కూడా సెట్‌గా తీసుకోవాలి. ఆ డబ్బులు ఇప్పట్నుంచే పక్కన పెడుతున్నా.