గహీరమథ హద్దులో పట్టుబడిన మా బోటు

2025 జనవరి మూడో వారంలో ఒక రోజు తెల్లవారుజామున పారాదీప్ నుంచి మా అమ్మ ఫోను చేసి, మన బోటును అటవీ శాఖ వాళ్ళు పట్టుకున్నారని, బోటు నడిపే సరంగుతో సహా ఏడుగురినీ తీసుకువెళ్ళారని చెప్పింది. నేను విశాఖపట్నంలో ఒక సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్న నలభై ఏళ్ళ క్రితం శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి పారాదీప్‌కు వలస వెళ్ళి, మొదట కలాసీగా, అంటే బోటు మీద పనివాడిగా, తరవాత సరంగుగా పనిచేసి, చివరికి నలభై అయిదు అడుగుల చెక్క బోటు ఒకటి సొంతం చేసుకున్నాడు. ఒడిశా తీరంలో పూరీ, గోపాల్‌పూర్, పారాదీప్ వంటి చోట్ల తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అక్కడివారు మమ్మల్ని నోలియాలు అంటారు. నాన్న 2023లో పోయాక బోటు బాధ్యత అమ్మ మీద ఉన్నా, నడిపించేది మాత్రం వరసకు మేనమామ అయిన మా సరంగే. కాగితాల సంగతి మేమెవరమూ పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గహీరమథ సముద్ర అభయారణ్యాన్ని 1997 సెప్టెంబరులో ప్రకటించారు. దాని విస్తీర్ణం 1,435 చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు అంతా నీరే. ఉత్తరాన ధామ్రా నది మొగ దాకా సాగే ఆ తీరానికి ఎదురుగా ఉన్న నాసీ దిబ్బల మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. తాబేలు నీటిలో బతికే జీవే అయినా ఊపిరికి పైకి రాక తప్పదు; లాగుతున్న ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక అక్కడే చనిపోతుంది. అందుకే అభయారణ్యంలో మరబోటు వేట కుదరదు. దానికి తోడు ధామ్రా, దేవి, ఋషికుల్యా మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు నవంబరు 1 నుంచి మే 31 దాకా ఏటా వేట నిషేధం ఉంటుంది. ఇవన్నీ పారాదీప్ జెట్టీలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతులే కాబట్టి, తెలియక వెళ్ళామని చెప్పుకునే అవకాశం మాకు లేదు.

మావయ్య మొదటి మాట మాత్రం అదే దారిలో వచ్చింది. ఉత్తరాన వేట ముగించుకుని తిరిగి వస్తుంటే గాలి ఎక్కువైందని, దూరం తగ్గుతుందని హద్దు లోపలి నుంచి అడ్డంగా వచ్చామని, వల వేయలేదని ఆయన చెప్పినట్టు నాకు తెలిసింది. నేను రైలులో వెళుతూ వన్యప్రాణి సంరక్షణ చట్టం చదివాను. 1972 నాటి ఆ చట్టానికి 1991లో చేర్చిన 26ఎ సెక్షనులో నాకు కావలసింది దొరికినట్టే అనిపించింది: ప్రాదేశిక జలాల్లో అభయారణ్యం ప్రకటించినా, ఏ బోటుకైనా దాని గుండా హానిరహితంగా ప్రయాణించే హక్కుకు భంగం ఉండదని అందులో స్పష్టంగా ఉంది. అదే సెక్షను, హద్దులు నిర్ణయించేటప్పుడు స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవాలని కూడా అంటుంది. ఈ రెండు వాక్యాలతో కేసు గెలిచినంత సంబరంతో రైలు దిగాను.

మాకు దొరికిన న్యాయవాది ఒడియా పెద్దమనిషి, ఇటువంటి కేసులు చాలా చూసినవాడు. నేను చెప్పినదంతా ఓపికగా విని, పంచనామా నకలు నా ముందు పెట్టి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా పైకి చదవమన్నాడు. బోటు, ఇంజను, ట్రాల్ వల రెండు, చేపలు కొన్ని బుట్టలు, వైర్‌లెస్ సెట్టు ఒకటి, జీపీఎస్ యంత్రం ఒకటి. అక్కడ ఆపి, బోటు ఎక్కడెక్కడ ఎంత వేగంతో తిరిగిందో ఆ యంత్రం గుర్తు పెట్టుకుంటుందా అని అడిగాడు. పెట్టుకుంటుంది. ఆ వివరం పంచనామాకు జతచేసిన మరో కాగితంలో ఉంది. ప్రయాణంలో మా బోటు గంటకు ఏడు, ఎనిమిది నాటికల్ మైళ్ళ వేగంతో పోతుంది. వల లాగుతున్నప్పుడు మూడుకు మించదు. హద్దు లోపల ముప్పావు గంట పాటు బోటు రెండున్నర, మూడు మధ్య నడిచినట్టు అంకెలు ఉన్నాయి. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి వాటిని మరోలా చదవడం నాకు చేతకాలేదు.

ఆ సాయంత్రం మావయ్యను కలవడానికి అనుమతి దొరికింది. నేను ఏమీ అడగకముందే ఆయన తల దించుకుని, "ఒక్క వల ఏశాం బాబూ, డీజిలు డబ్బులైనా వస్తాయని," అన్నాడు. ఆయన మీద కోపం రాలేదని అంటే అబద్ధం అవుతుంది. అయితే ఆ విడత వేటకు వెళ్ళేముందు డీజిలు బాకీ గురించి ఆయనను తొందరపెట్టింది నేనే కాబట్టి, ఆ కోపాన్ని ఎవరి మీద చూపాలో తేల్చుకోలేకపోయాను.

న్యాయవాది అప్పుడు చెప్పిన విషయం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చింది. నేరం జరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆ ప్రశ్న తేలేదాకా బోటు ఎక్కడ ఉండాలన్నది వేరే ప్రశ్న. బోటు విడుదల కోసం వేసే దరఖాస్తులో హానిరహిత ప్రయాణం అనే వాదన ఎత్తితే, రెండో ప్రశ్నను తీసుకెళ్ళి మొదటి ప్రశ్నకు ముడివేసినట్టు అవుతుంది, పైగా అది నిలిచే వాదన కాదు. నాకూ ఆ అబద్ధం రాసిన కాగితం మీద సంతకం పెట్టాలని లేదు. అందుచేత 26ఎను మూసి పక్కన పెట్టాం.

అసలు చిక్కు 39వ సెక్షనులో ఉంది. నేరానికి వాడిన వాహనం, పడవ, పనిముట్టు ఏదైనా స్వాధీనం చేసుకుంటే అది రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి అవుతుందని అది చెబుతుంది. పైకి చదివితే పట్టుబడిన రోజే బోటు పోయినట్టు. అయితే 2008లో మధుకర్ రావు కేసులో సుప్రీంకోర్టు, కేవలం స్వాధీనం చేసుకున్నంత మాత్రాన ఆస్తి ప్రభుత్వానిది కాదని, నేరం రుజువు కావలసి ఉంటుందని, ఈలోగా తాత్కాలికంగా విడుదల చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని తేల్చింది. 1991 సవరణ అటవీ శాఖాధికారి చేతిలోంచి అటువంటి అధికారాన్ని తీసేసింది కాబట్టి, అధికారుల చుట్టూ తిరిగి బతిమాలితే పని జరుగుతుందని జెట్టీలో చెప్పే సలహా వట్టి కాలయాపన. నేను ఆ సలహా విని నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. ఒకప్పుడు ఈ దరఖాస్తును క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 451వ సెక్షను కింద వేసేవారు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 497 అయింది. స్వాధీనం చేసుకున్న వస్తువులను ఏళ్ళ తరబడి ఆరుబయట పాడుచేయరాదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను కూడా దరఖాస్తులో చేర్చాం. చెక్క బోటు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. కదలకుండా ఉప్పునీటిలో కట్టేసిన పలకను పురుగు తొలిచేస్తుంది. ఇంజను తుప్పు పట్టడానికి నెల చాలు.

ముందుగా మనుషులు బయటికి రావాలి. అభయారణ్యంలో జరిగే కొన్ని నేరాలకు చట్టంలో కనీసం మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది కాబట్టి, బెయిలు తేలికగా దొరికేది కాదు. కలాసీల పేర్ల దగ్గరే మొదటి ఆటంకం వచ్చింది. మన వైపు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, మత్స్యకార గుర్తింపు కార్డులో పూర్తిగా, పంచనామాలో ఒడియా ఉచ్చారణకు తగినట్టు మూడో రకంగా ఉంది. ఒక్కొక్కరూ ముగ్గురేసి మనుషులైనట్టు కనిపించింది. మూడూ ఒకరివేనని ప్రతి ఒక్కరికీ ప్రమాణపత్రం రాయించవలసి వచ్చింది. మూడు వారాల తరవాత వారు బయటికి వచ్చి, తిన్నగా శ్రీకాకుళం బండి ఎక్కారు.

తరవాతి వంతు నాది. విడుదల దరఖాస్తు వేయవలసింది బోటు యజమాని, రిజిస్ట్రేషను పత్రంలో యజమాని మా నాన్న. ఆయన పోయి ఏడాదిన్నర దాటింది. ఈ మధ్యలో ఒకసారి లైసెన్సు రుసుము కూడా ఆయన పేరునే కట్టాం. ఒక మధ్యవర్తి చేతికి డబ్బులిచ్చి, రసీదు తీసుకుని, ఆ రసీదును దేవుడి పటం వెనక పెట్టి ఊరుకున్నాం. కోర్టులో అది చదివినప్పుడు మేజిస్ట్రేటు తల ఎత్తి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. వారసత్వ ధ్రువపత్రం కోసం ఒక కార్యాలయానికి వెళితే, నాన్న పుట్టిన ఊరు వేరే రాష్ట్రంలో ఉంది కాబట్టి అక్కడి నుంచి కుటుంబ వివరాల కాగితం తెమ్మన్నారు. అక్కడికి వెళితే, పోయింది ఒడిశాలో కాబట్టి మరణ ధ్రువపత్రం అక్కడిదే కావాలని, అది ఒడియాలో ఉంది కాబట్టి అనువాదం కావాలని చెప్పారు. ఎవరి మాటలోనూ తప్పు లేదు. రెంటి మధ్య తిరగడంలో అయిదు వారాలు గడిచాయి. బోటును నాకు అప్పగించడానికి అభ్యంతరం లేదని అమ్మ, చెల్లెలు వేర్వేరుగా ప్రమాణపత్రాలు ఇచ్చారు. పేరు మార్పిడికి దరఖాస్తును వేట బోట్ల రిజిస్ట్రేషను జరిగే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో పెట్టి, ఆ రసీదును కోర్టుకు ఇచ్చాం. బోటు ఉన్నవారు ఇంట్లో మనిషి పోయిన నెలలోనే ఈ పని చేసుకోవాలని నేను కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను. నవ్వి ఊరుకునేవారే ఎక్కువ.

ఆ మార్చిలోనే గహీరమథలో ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయని పత్రికల్లో వచ్చింది. అమ్మ ఆ వార్తను నా చేత చదివించుకుని, "వాటికేం, హాయిగా వచ్చి పోయాయి," అంది. నేను మారు మాట్లాడలేదు. మావయ్య వేసిన ఒక్క వలలో తాబేలు పడలేదని పంచనామాలో ఉంది. పడి ఉంటే ఈ కథ మరోలా ఉండేది.

ఏప్రిల్ మొదటి వారంలో విడుదల ఉత్తర్వు వచ్చింది. పూచీకత్తు, బోటు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు, కేసు తేలేదాకా అమ్మకూడదు, రూపు మార్చకూడదు, పిలిచినప్పుడు తీసుకురావాలి, మళ్ళీ ఆ హద్దులోకి వెళ్ళకూడదు అనే షరతులు. వలలు మాత్రం ఇవ్వలేదు. చేపలు అప్పటికే వేలం అయిపోయాయి. ఉత్తర్వు చేతికొచ్చాక బోటు దగ్గరికి వెళ్ళేసరికి ఏప్రిల్ 9, అడుగు పలకల్లో నీరు ఊరుతోంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజుల వేట నిషేధం ఉంటుంది కాబట్టి, మూడు నెలలు పోరాడి తెచ్చుకున్న బోటును ఆరు రోజులకే మళ్ళీ కట్టేశాం. ఆ రోజులు బాగుచేయడానికి పనికివచ్చాయి, అంతే.

ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలపు సాయాన్ని పది వేల నుంచి ఇరవై వేల రూపాయలకు పెంచింది. మా కలాసీలు ఊళ్ళోనే ఉన్నారు, కానీ వారు పనిచేసేది ఒడిశా బోటు మీద కాబట్టి ఆ లెక్కలో వారి పేర్లు లేవు. తాబేళ్ళ కాలంలో ఒడిశా ఇచ్చే సాయం అక్కడి కుటుంబాలకు. చట్టంలో నేను రైలులో చదివిన 'స్థానిక మత్స్యకారులు' అన్న మాట అప్పుడు మళ్ళీ గుర్తుకువచ్చింది. నిషేధాన్ని నేను తప్పు పట్టను, అది లేకపోతే ఆ దిబ్బలు ఎప్పుడో ఖాళీ అయ్యేవి. కానీ నిషేధానికి లోబడవలసిన వాళ్ళ జాబితాలో ఉన్న ఆ ఆరుగురు కలాసీలు, సాయం అందవలసిన వాళ్ళ జాబితాలో రెండు రాష్ట్రాల్లోనూ లేరు. ఈ విషయం అడుగుతూ రెండు చోట్లా అర్జీలు ఇచ్చాను. ఒక చోట నుంచి అందినట్టు రసీదు వచ్చింది.

కేసు నడుస్తూనే ఉంది. జూన్ 14 సాయంత్రం కొత్త జీపీఎస్ యంత్రంలో అభయారణ్యం హద్దు బిందువులను నేను కాగితం చూసి ఒక్కొక్కటే చదువుతుంటే మావయ్య ఎక్కించాడు. హద్దుకు ఎంత దూరంలో గంట మోగాలో పెట్టుకునే వీలు అందులో ఉంది. అర మైలు పెడతాడనుకున్నాను. ఆయన రెండు మైళ్ళు పెట్టి, ఆ గంట చప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి మోగించి విని, యంత్రం మీద గుడ్డ కప్పి దిగిపోయాడు.