గారెల నూనె చిట్లితే
మొన్న సంక్రాంతికి మా అత్తయ్యగారింట్లో గారెలు వేస్తున్నా, పిండి కాస్త జారుగా అయింది, తడిచేత్తో గారె వదిలానో లేదో నూనె చిట్లి మణికట్టు మీద పడింది. అబ్బా, ప్రాణం పోయిందనుకోండి! ఒకరు పసుపు డబ్బా, ఒకరు టూత్‌పేస్ట్, మా పిన్ని అయితే ఏకంగా ఇడ్లీపిండి గిన్నెతో రెడీ. నేను ఎవరి మాటా వినకుండా పెరట్లో కుళాయి కింద చెయ్యి పెట్టి 20 నిమిషాలు అక్కడే నిలబడ్డా, అందరూ నవ్వారు, నవ్వనీ.

పైన మంట తగ్గినట్టున్నా చర్మం లోపల వేడి ఉంటుంది, అది దిగాలంటే పారే చల్లటి నీళ్ళే, ఐస్ పెడితే కాలిన చోటు ఇంకా దెబ్బతింటుంది. పేస్టూ పసుపూ పూశారంటే తర్వాత డాక్టర్ దాన్ని కడిగేటప్పుడు తెలుస్తుంది నరకం. ఉంగరాలు, గాజులు మాత్రం వెంటనే తీసెయ్యాలి, వాచాక రావు. నేను కాస్త ఆలస్యం చేశా, ఉంగరానికి సబ్బు నురగ పెట్టి తిప్పి తిప్పి లాగాల్సొచ్చింది. సాయంత్రానికి బొబ్బ లేచింది, చిదమలేదు, శుభ్రమైన పల్చటి బట్ట వదులుగా చుట్టుకున్నా అంతే. అరచేతికంటే ఎక్కువ కాలినా, మొహం మీద పడినా, చిన్నపిల్లలకైనా ఇంట్లో ప్రయోగాలొద్దు, ఆస్పత్రికే.

ఇప్పుడైతే మూకుట్లో నూనె సగం కూడా పొయ్యను, చేతి తడి దులిపి గారెని అంచు నుంచి మెల్లగా జారుస్తా. ఆ రోజు వాయి మాత్రం మాడిపోయింది లెండి.